వేడుక చూచు ఎత్తు: మిద్దెయు, బండికప్పును

వేడుక ఎక్కడ జరిగినను ముందువరుసలో నిలుచువారు కొందరే, వెనుకబడినవారు పెక్కుమంది. ముందున్నవాని భుజముమీదుగా చూచుటకై మునివ్రేళ్ళపై నిలిచి, మెడ సాచి, విసిగి, తుదకు ఏదో యొక ఎత్తైన చోటు వెదకికొనుట మానవస్వభావము. ఆ ఎత్తు ఒకచోట ఇంటిమిద్దె. ఒకచోట లారీ టాపు. ఒకచోట ట్రాక్టరు ట్రాలీ అంచు. ఈ మధ్యకాలమున అక్కడక్కడ కారవాన్ అను ఇంటిబండి కప్పు. పైకి ఎక్కుట ఎవరికిని నేర్పనక్కరలేదు. ఎక్కదగినది ఏదో, ఎందరు ఎక్కవచ్చునో, ఎక్కినపిమ్మట ఎక్కడ నిలువవలెనో, ఎక్కడ నిలువరాదో మాత్రము కొంత తెలిసికొనవలసి యున్నది. ఈ ప్రసంగమున ముచ్చటింపబోవునది ఆ విషయమే.

కడప జిల్లాలో ప్రొద్దుటూరునకును మైదుకూరునకును నడుమ చాపాడు కలదు. కుందూనదియు, కర్నూలు–కడప కాలువయు ఆ ప్రాంతపు పైరులకు ప్రాణము. నేల చాలవఱకు సమతలము. కాలువగట్టు తప్ప కంటికి ఎత్తిచ్చు తిప్పలు అరుదు. అట్టి చోట ఒక నిలువెత్తు ఎత్తు దొరకినను చూపు ఎంత సాగునో లెక్కవేసి చూడవచ్చును. నేలపై నిలుచున్నవాని కన్ను సుమారు 1.6 మీటర్ల ఎత్తున నుండును. అడ్డులేని మైదానమున అతనికి దిగంతము నాలుగున్నర కిలోమీటర్ల దూరమున కనబడును. అతడే 3 మీటర్ల ఎత్తుగల కప్పుపై నిలిచినచో దిగంతము 7.5 కిలోమీటర్లకు మించి పోవును. అంతకంటె ముఖ్యము, ముందున్న తలలన్నియు క్రిందికి దిగిపోవును. కావున పైకెక్కినవానిని తెలివిలేనివాడని నిందింపరాదు. అతడు కోరిన లాభము నిజమైనదే. ఆ లాభమునకు చెల్లించు మూల్యమే తెలిసికొనవలసినది.

ఈ ప్రాంతమున అట్టి సందర్భములు ఏటేట వచ్చును. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరీదేవికి జరుగు దసరా ఉత్సవములు మైసూరు దసరాతో పోల్చి చెప్పుకొనదగినంత పేరుపొందినవి. ఊరేగింపు సాగు వీధులలో ఇరువైపుల మిద్దెలన్నియు ఆ రాత్రులందు జనముతో నిండును. చుట్టుపట్ల పల్లెలలో తిరునాళ్ళకు ఎద్దుల బండలాగుడు పందెములు జరుగును. కఱ్ఱలు కట్టిన హద్దునకు వెలుపల నిలిపిన ట్రాలీలు, జీపులు, లారీలే అచ్చటి ఉచ్చాసనములు. జమ్మలమడుగు దాపున గండికోటవద్ద పెన్నానది కొండను చీల్చుకొని పాఱు లోయను చూడ వచ్చువారిలో కొందఱు తాము వచ్చిన బండిపైకే ఎక్కి సూర్యోదయమును చూడగోరుదురు. మిద్దె, ట్రాలీ, ఇంటిబండి, ఈ మూడింటికిని ప్రమాదమును తెచ్చు కారణములు కొంత వేరు, కొంత ఒకటే.

మొదట మిద్దె సంగతి చూతము. రాయలసీమలోని పాత యిండ్ల మిద్దెలు కట్టిన తీరు మనలో పెక్కుమందికి తెలిసినదే. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై కట్టెలో బండలో పఱచి, పైన మన్ను మెత్తి, అన్నిటికిని మీదుగా చవుడు పోయుదురు. చవుటిమన్ను తడిసినప్పుడు దట్టముగ కదుముకొని నీటిని క్రిందికి దిగనీయదు. అది చక్కని ఏర్పాటు. కాని వానలకు ముందు మరల మరల చవుడు పోయుటవలన ఏండ్లు గడచినకొలది మిద్దె మందము పెఱుగును. మన్ను ఘనపుమీటరు 1600 కిలోలు తూగునని తక్కువగా లెక్కించినను, 15 సెంటీమీటర్ల మందముగల పొర చదరపు మీటరునకు 240 కిలోలు. నాలుగు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల గదిపై ఆ పాటి పొర అదనముగ చేరినచో దాదాపు 4800 కిలోల బరువు ఎప్పటికిని ఆ దూలములపై నిలిచియుండును. అది తడిసినప్పుడు మరింత హెచ్చును. ఆ పక్షమున తాతగారి కాలమున పెండ్లికి వందమంది ఎక్కిన మిద్దెయే యైనను ఈనాడది అదే మిద్దె కాదు. దూలపు కొనలు గోడలో దాగియుండును. చెదలు మొదట తినునదియు, చెమ్మ మొదట చేరునదియు ఆ కొనలనే. పైనుండి చూచువానికి మిద్దె చదునుగను, దృఢముగను కనబడుచునే యుండును.

పరీక్ష పైన కాదు, క్రింద జరుపవలెను. ఉత్సవమునకు కొన్ని దినముల ముందు గదిలో నిలిచి పైకి చూడవలెను. దూలము నడుమ వంగినదా, గోడలో దిగిన చోట మన్ను రాలుచున్నదా, కొనయొద్ద గుచ్చిన మేకు సులభముగ దిగుచున్నదా, గోడపై క్రొత్త బీట కలదా అని చూడవలెను. వీనిలో ఏ ఒక్క గుఱుతు కనబడినను ఆ మిద్దెపైకి ఈ ఏడు ఎవ్వరిని పంపరాదు. వెలుతురునకును, పొగపోవుటకును మిద్దెలో విడిచిన గవాచిని మఱువరాదు. పగటివేళ అది అందఱకును తెలిసిన సంగతి. రాత్రి ఊరేగింపుపై చూపు నిలిపి వెనుకడుగు వేయు చుట్టమునకు తెలియదు. దానిపై బలమైన పలక వేసి, చుట్టు ఎత్తుగ ఏదైన అమర్చి, దీపముంచవలెను.

సిమెంటు కప్పులకు ఈ చిక్కులు తక్కువ. ఐనను వానికిని పరిమితి కలదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 875 రెండవ భాగము ప్రకారము, మెట్లుండి మనుష్యులు ఎక్కుటకు వీలుగ నున్న చదునుకప్పును చదరపు మీటరునకు సుమారు 150 కిలోల మీదిబరువు మోయునట్లు రూపొందింతురు. మెట్లు లేక, మరమ్మతునకు మాత్రమే ఎక్కు కప్పునకు అందులో సగమే. జనులు గుమిగూడు సభాస్థలములకైనచో 500 కిలోలు. అనగా ఇంటికప్పు సభాస్థలముగ కట్టబడినది కాదు. ఇరువది చదరపు మీటర్ల కప్పుపై మనిషికి 60 కిలోల చొప్పున 50 మంది సమముగ పరచుకొని నిలిచినచో సరిగా ఆ హద్దు చేరును. కాని ఊరేగింపు వచ్చినప్పుడు ఎవరు సమముగ నిలుతురు? వీధివైపునకే అందఱును త్రోసికొని వత్తురు. ఐదు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల అంచున 25 మంది చేరినంతనే ఆ చోట చదరపు మీటరునకు 300 కిలోలు పడును, హద్దునకు రెండింతలు. కావున మొత్తము ఎందఱని లెక్కించిన చాలదు. ఎక్కడ ఎందఱని లెక్కింపవలెను. వీధివైపు ఒక వరుసయే నిలిచి, వెనుకవారికి బల్లలో పీటలో వేసి ఎత్తు కల్పించినచో అందఱకును కనబడును, అంచునకు త్రోపిడియు తగ్గును. ఆ బల్లలు పిట్టగోడకు దూరముగ, వెనుక వరుసకే ఉండవలెను. పిట్టగోడ దగ్గర బల్లపై నిలిచినవానికి అది మోకాలెత్తు గోడయే యగును.

మూతలు, పలకలు నమ్మదగినవని ఎంచుట ఎంత చేటు తెచ్చునో 2023 మార్చి 30 న, శ్రీరామనవమినాడు, ఇందూరు నగరమున లోకము చూచినది. ఒక దేవాలయమున పాత మెట్లబావిపై వేసిన పలక భక్తుల బరువునకు కూలి 36 మంది మరణించిరి. ఆ పలకపై నిలిచినవారు ఒక బావిమీద నిలుచున్నామని యెంచలేదు. నేలమీద నున్నామనియే యెంచిరి.

ఇక బండ్ల సంగతి. పందెపు బయళ్ళలో తఱచుగ కనబడు ట్రాలీ రెండుచక్రములది. ట్రాక్టరునకు తగిలించియున్నంతవఱకు అది స్థిరము. ట్రాక్టరును విప్పి తీసికొనిపోయిన పిమ్మట ఆ ట్రాలీ ఇరుసుపై ఊగు త్రాసు వంటిది. ముందుకొన క్రిందికి ఆనియుండును. పదిమంది వెనుకవైపు అంచునకు చేరినంతనే ముందుకొన గాలిలోనికి లేచి, వెనుకవైపు నేలకు వ్రాలును. నిలిచినవారందఱును ఒకరిపై నొకరు జారుదురు. కావున ట్రాలీ నెక్కదలచినచో ట్రాక్టరును తగిలించియే ఉంచవలెను, తాళపుచెవి తీసివేయవలెను, చక్రములకు ముందువెనుకల రాళ్ళు పెట్టవలెను. ప్రక్కపలకల అంచులపై కూర్చుండరాదు. ఆ పలకలను పట్టియుంచునవి చిన్న చిలుకలే. అవి ధాన్యపుబస్తాల నాపుటకు పెట్టినవి, మనుష్యుల నడుములకు ఆనుగడగ కాదు.

ఇంటిబండిపై నిలుచుట ఇంతకంటె సున్నితమైన పని. దాని కప్పు పెక్కు బండ్లకు పలుచని రేకుతోనో, నారబద్దలతో బిగించిన ప్లాస్టికుపలకతోనో చేసినది. క్రింద అడ్డుకమ్ములున్న చోట బరువు నాగును. కమ్ముల నడుమ కాలు పెట్టినచో సొట్టపడును, లేదా పగులును. గాలి వచ్చుటకు పెట్టిన పైకిటికీ, సూర్యశక్తి పలక, చల్లదనపుయంత్రపు మూత, ఇవేవియు కాలు మోపదగినవి కావు. బండితోపాటు ఇచ్చు పుస్తకమున కప్పుపై మనిషి నడువవచ్చునో లేదో, ఎంత బరువు పెట్టవచ్చునో వ్రాసియుండును. వ్రాయని పక్షమున నడువరాదనియే అర్థము చేసికొనుట క్షేమము. వెనుక నిచ్చెన అమర్చియున్నంత మాత్రమున కప్పు మనుష్యులను మోయునని భావింపరాదు. సామానులు కట్టుటకును, శుభ్రము చేయుటకును పెట్టిన నిచ్చెనయు కావచ్చును.

బండి తిరుగబడునా అని కొందరు అడుగుదురు. ఒక లెక్క వేసి చూతము. 3000 కిలోల బండి గరిమనాభి నేలకు 1.1 మీటరు ఎత్తున నున్నదనియు, చక్రముల నడుమ వెడల్పు 1.7 మీటరు అనియు అనుకొందము. ఆ బండి ప్రక్కకు 38 డిగ్రీలవఱకు ఒరిగినను తిరుగబడదు. మూడు మీటర్ల ఎత్తుగల దాని కప్పుపై ఎనమండుగురు నిలిచినచో గరిమనాభి దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తునకు లేచును. ఆ హద్దు 30 డిగ్రీలకు దిగును. అందఱును ఒకే ప్రక్కకు చేరినచో 27 డిగ్రీలే. చదునైన గట్టినేలపై ఇది ఇంకను చాలినంతయే. కాని కాలువగట్టు వాలున నిలిపినప్పుడు నేలయే పది డిగ్రీలు తినివేయును. తడిసిన మట్టిలో ఒక ప్రక్క చక్రములు దిగబడుట మరికొంత తినును. స్ప్రింగులు వంగుట మరికొంత. ఎద్దులు గీత దాటినప్పుడు జనము ఒక్కమాఱు ఎగిరి కేకవేయుట మిగిలినది తినును. ప్రమాదము ఏ ఒక్కదానివలననో రాదు. చిన్నచిన్నవి కూడుకొని వచ్చును.

ఐనను, నిలిచియున్న బండి తిరుగబడుటకంటె మనిషి అంచునుండి జారుటయే ముందు తలచవలసిన ముప్పు. మూడు మీటర్ల ఎత్తునుండి పడువాడు నేల చేరుటకు ముక్కాలు సెకను పట్టును. అప్పటికి వాని వేగము గంటకు 27 కిలోమీటర్లు. పట్టుకొనుటకు చేయి చాచులోపలనే పని ముగియును. పిట్టగోడలేని చోట అంచునకు ఒక మీటరు లోపలనే నిలువవలెనన్నది మంచి నియమము. ఈ నియమమును ఇంటిబండికి అన్వయించి చూడుడు. దాని కప్పు వెడల్పు రెండు మీటర్లు మాత్రమే. ఇరువైపుల ఒక్కొక్క మీటరు విడిచినచో నిలుచుటకు మిగులునది నడిమి గీత మాత్రమే! కావున ఆ కప్పు నిలుచుచోటు కాదు, కూర్చుండుచోటు. ఒకరిద్దఱు, నడుమ, బరువు పరచు చెక్కపలక వేసికొని, కాళ్ళు ముడుచుకొని కూర్చుండి చూచుటకు పనికివచ్చును. ఫోటో తీయుచు వెనుకకు నడుచుటకు ఎంతమాత్రము పనికిరాదు.

ఎక్కుటకంటె దిగుటలో జాగ్రత్త ఎక్కువ కావలెను. నిచ్చెనవైపే ముఖముంచి దిగవలెను. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎల్లప్పుడును మూడు నిచ్చెనను అంటియుండవలెను. చేత చెంబో, పిల్లవాడో ఉన్నచో ఈ నియమము నిలువదు. కావున సామానును త్రాటితో పైకి లాగవలెను, చంకపిల్లలను ఎక్కింపరాదు. గోడకానించు నిచ్చెనయైనచో నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున అడుగుభాగమును గోడకు ఎడముగ నుంచి, పైకొన అంచును మించి మూడడుగులు నిలుచునట్లు చేసి, త్రాటితో కట్టవలెను. తెల్లవాఱుజామున రేకుకప్పుపై మంచు పడియుండును. వానకాలమున మిద్దెపై పాచి పట్టియుండును. రెండును నూనెవలె జాఱును.

ఇప్పుడు అన్నిటికంటె కనబడని ముప్పు, విద్యుత్తు. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమావళి వీధికి అడ్డముగ పోవు తీగలకు నిర్ణయించిన కనీసపు ఎత్తు సామాన్యపు తీగలకు 5.8 మీటర్లు, 11 వేల వోల్టుల తీగలకు 6.1 మీటర్లు. క్రిందనుండి చూచువానికి అది అందని ఎత్తే. కాని బరువెత్తిన లారీ పైభాగము 3.8 మీటర్లు, దానిపై నిలిచి చేయి పైకెత్తిన మనిషి మరి 2.1 మీటర్లు, మొత్తము 5.9. అనగా నియమము ప్రకారము కట్టిన తీగయే చేతికి తగులును. ఇనుపకఱ్ఱకు కట్టిన జెండా చేతనున్నచో చెప్పనక్కరలేదు. పైగా వేసవిలో తీగలు వేడికి సాగి మరికొంత వ్రేలాడును. ఇండ్లకప్పులకు పైన సామాన్యపు తీగ 2.5 మీటర్లు, 11 వేల వోల్టుల తీగ 3.7 మీటర్లు ఎడముగ నుండవలెనని నియమము. ప్రక్కకు 1.2 మీటరు. తీగ వేసిన పిమ్మట పైన ఇంకొక అంతస్తు లేపిన ఇండ్లలో ఈ ఎడము మిగులదు.

2022 ఏప్రిల్ 27 వేకువన తంజావూరు సమీపమున కలిమేడులో దేవుని రథపు పైభాగము హెచ్చువోల్టుల తీగకు తగిలి 11 మంది మరణించిరి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపురమున కృష్ణాష్టమి ఊరేగింపురథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు అసువులు బాసిరి. అట్టిది జరిగినప్పుడు తగులుకొన్నవానిని చేతితో లాగుట మొదటి తప్పు. లాగినవాడును వానితోడనే పోవును. ముందు సరఫరా ఆపించవలెను. విద్యుత్తుశాఖ వారి 1912 నంబరునకు చెప్పవలెను. తీగ బండిపై పడినచో లోపలివారు లోపలనే యుండుట క్షేమము. నిప్పు అంటుకొని దిగక తప్పనప్పుడు బండిని ముట్టుకొనకయే రెండు కాళ్ళు జోడించి దూకి, కాళ్ళు విడదీయక చిన్నచిన్న గెంతులతో దూరము పోవలెను. బండిని, నేలను ఒక్కసారి తాకుటయే ప్రాణాంతకము.

పిడుగు విషయమునను ఇట్టి వింతయే కలదు. ఉఱుము వినబడినప్పుడు ఇనుపకప్పుగల బండి లోపల కిటికీలు మూసి కూర్చున్నవాడు చాలవఱకు సురక్షితుడు. పిడుగు పడినను విద్యుత్తు పైరేకు వెంబడి నేలకు దిగిపోవును. అదే బండికప్పుపై నిలిచినవాడు ఆ బయలంతటికిని ఎత్తైన గుఱుతు. కావున మొదటి ఉఱుము విన్నంతనే వేడుక ఎంత రసవత్తరముగ నున్నను దిగవలెను.

కదలుచున్న బండికప్పుపై ఉండుటను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది ఏ జాగ్రత్తతోను క్షేమము కాదు. గంటకు 20 కిలోమీటర్ల నడకలో బ్రేకు వేసినచో బండి ఆగును, పైవాడు ఆగడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 123 వ సెక్షను బండిపైకప్పుమీద ప్రయాణము చేయుటను నిషేధించుచున్నది. రైలుకప్పుపై ప్రయాణమునకు 1989 నాటి రైల్వే చట్టము 156 వ సెక్షను మూడు నెలలవఱకు జైలు విధించుచున్నది. 2011 ఫిబ్రవరి 1 న షాజహానుపురమున రైలుకప్పుపై కూర్చున్న ఉద్యోగార్థులైన యువకులు అడ్డువంతెన తగిలి పదిమందికి పైగా మరణించిరి. వారు ఎక్కినది చోటులేక, దిగలేకపోయినది వేగమువలన.

గండికోటవంటి చోటులకు ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలెను. అచ్చట లోయ అంచే పెన్నకు పైన వందల అడుగుల ఎత్తున నున్నది. దానిపై బండికప్పు చేర్చు మూడు మీటర్లు చూపునకు చేర్చునది ఏమియు లేదు. చాపాడు మైదానమున ఎత్తునకు అర్థమున్నది. లోయ అంచున లేదు. అచ్చట బండిని అంచునకు దూరముగ, గట్టినేలపై నిలిపి, నడచి పోయి, రాతిపై కూర్చుండి చూచుటయే ఉత్తమము.

ఇంతవఱకు ఎక్కువారిని గూర్చి చెప్పితిని. మిద్దెగల గృహస్థునకును ఒక మాట. దసరానాడు వాకిట నిలిచి “అమ్మా, పైకెక్కి చూచిపోదుము” అన్నవారిని కాదనుట మన ఇండ్లలో మర్యాద కాదు. ఆ మొగమాటమే పెక్కుమిద్దెలపై హద్దుమించిన బరువు నెక్కించుచున్నది. దీనికి ఉపాయము, ఆ రాత్రి వచ్చినవారికి చెప్పుట కాదు, ముందే ఏర్పాటు చేసికొనుట. ఇంత చోటునకు ఇంతమంది యని నిర్ణయించి, మెట్ల మొదట ఇంటి పెద్దవాని నొకని కూర్చుండబెట్టవలెను. ఒకరు దిగినపిమ్మటనే ఒకరు ఎక్కవలెను. “పైన చోటు లేదు, అరుగుపై బల్ల వేసితిమి, కూర్చుండుడు” అని చెప్పినచో ఎవరును నొచ్చుకొనరు. ముసలివారికిని, పిల్లలకును అరుగే మేలు. ఊరేగింపు దాటినంతనే అందఱును ఒక్కసారి మెట్లకు పరుగెత్తుదురు, అప్పుడే త్రోపిడి. కొంతసేపు పైననే మాటలలో నిలిపి, కొద్దికొద్దిగా దింపవలెను.

పందెములు జరిపించు ఊరిపెద్దలు ట్రాక్టరుతో మన్ను త్రోయించి హద్దు చుట్టు మెట్టుమెట్టుగ గట్టు వేయించినచో బండ్లపై ఎక్కు అవసరమే తగ్గిపోవును. మట్టిగట్టు కూలదు, ఊగదు, తీగలకు అందదు. ఒక్క దినపు పని, ఏండ్లకు నిలుచును.

అన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఎవరైన పడినచో వెంటనే లేవనెత్తి కూర్చుండబెట్టుట మనకు అలవాటు. అది కూడదు. మెడయో వెన్నో దెబ్బతిన్నవానిని కదలించుటవలన కాలుసేతులు శాశ్వతముగ పడిపోవచ్చును. కదలనీయక, 108 నంబరునకు చెప్పి, సహాయము వచ్చువఱకు ధైర్యము చెప్పుచు ప్రక్కన నుండుటయే సరియైన సేవ.

ఈ జాగ్రత్తలన్నియు వేడుకకు అడ్డు కావు. మిద్దె క్రింద నిలిచి ఒక్కమాఱు దూలములను చూచుటకు పావుగంట చాలును. చక్రములకు నాలుగు రాళ్ళు పెట్టుటకు ఐదు నిమిషములు. తలయెత్తి తీగ ఎక్కడున్నదో చూచుటకు ఒక్క క్షణము. రాబోవు దసరాకు ముందే ఈ మూడు పనులును ముగించుకొన్న ఇంట, చుట్టములెందఱు వచ్చినను, ఎక్కినవారందఱును తమ కాళ్ళతో తామే దిగుదురు.